సంక్రాంతికి జపాన్‌లో స్నోబోర్డింగ్: నలుగురం కొత్తవాళ్లం, ఎక్కడ నేర్చుకోవాలి, ఏం తీసుకుపోవాలి?

పెన్నతీరం (నెల్లూరు)

అందరికీ నమస్కారం. వచ్చే సంక్రాంతి సెలవుల్లో నలుగురం జపాన్ పోదామనుకుంటున్నాం. నెల్లూరులో బయల్దేరి మళ్లీ నెల్లూరు చేరేదాకా లెక్కేస్తే 10 రోజులు. స్నోబోర్డింగ్ నేర్చుకోవడమే ముఖ్యం, మిగతా ఊళ్లు తర్వాతే. మాలో ఎవరూ మంచు చూసినవాళ్లు కాదు. బరువులు 58 కిలోల నుంచి 92 దాకా, చెప్పుల సైజులు 7 నుంచి 11 దాకా ఉన్నాయి.

తెలుసుకోవాల్సినవి ఇవి. అందరూ నిసెకో అంటున్నారు, కొత్తవాళ్లకు అదే మంచిదా? బోర్డు కొనాలా, అద్దెకు తీసుకోవాలా? మన ఎండకు అలవాటుపడ్డ ఒంటికి ఆ చలి ఎట్టా తట్టుకోవాలి, ఎన్ని స్వెటర్లు కావాలి? ఇద్దరు గొడ్డు మాంసం, పంది మాంసం ముట్టరు, తిండి ఎట్టా? జపాన్ రైళ్లలో తిరగడానికి ఇచ్చే జేఆర్ పాస్ కొనాలా? సప్పోరో మంచు పండగ కూడా చూడొచ్చా? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

మైపాడు అల

ముందు చోటు సంగతి తేలిస్తే మిగతావన్నీ దాన్నిబట్టి కుదురుతాయి.

అక్కడ అంత మంచు ఎందుకు పడుతుందో మన నెల్లూరోళ్లకు చెప్పడం తేలిక. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య గాలి బంగాళాఖాతం మీదుగా వస్తూ తేమ పట్టుకొని మన తీరంలో కురిపిస్తుంది కదా, అక్కడా అదే లెక్క. సైబీరియా నుంచి ఎండుగా, గడ్డకట్టే చలితో బయల్దేరిన గాలి జపాన్ సముద్రం దాటుతుంది. ఆ సముద్రంలో త్సుషిమా వెచ్చని ప్రవాహం ఉంది కాబట్టి నీళ్లు గాలికన్నా చాలా వెచ్చగా ఉంటాయి. గాలి ఆ తేమంతా పీల్చుకొని, కొండలకు తగిలి పైకి లేచి, మంచుగా దించేస్తుంది. అందుకే పడమటి వైపు కొండల్లో మనిషి ఎత్తున మంచు పేరుకుపోతే, కొండలకు అవతలున్న టోక్యోలో జనవరి నెలంతా పొడి ఎండ కాస్తుంటుంది. టోక్యో వాతావరణం చూసి బట్టలు సర్దుకోవద్దు.

నిసెకో హొక్కైదో దీవిలో ఉంది. మంచు పిండిలా పొడిగా ఉంటుందని దానికి పేరు. అయితే ఆ లోతు మంచు సుఖం తెలియాలంటే ముందు బోర్డు తిప్పడం వచ్చి ఉండాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు కావాల్సింది గట్టిగా చదును చేసిన, వెడల్పాటి, వాలు తక్కువున్న మైదానం. పైగా నిసెకోకు టోక్యో నుంచి ఇంకో విమానం, న్యూ చితోసె ఎయిర్‌పోర్టు నుంచి రెండున్నర మూడు గంటల బస్సు. మంచు తుఫానులో ఆ ఎయిర్‌పోర్టు విమానాలు ఆగిపోవడం మామూలే. 10 రోజుల్లో ఒక రోజు అట్టా పోతే మీకు పెద్ద నష్టం.

నా మాట అడిగితే నగానో వైపు పొండి. 1998 వింటర్ ఒలింపిక్స్ జరిగింది అక్కడే, స్నోబోర్డింగ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి చేరిందీ అప్పుడే. ఆ ప్రాంతంలో మీకు రెండు దారులున్నాయి. ఒకటి నొజావా ఒన్సెన్. టోక్యోలో హొకురికు షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైలు ఎక్కితే ఈయామా స్టేషన్‌కు రెండు గంటల లోపే, అక్కడి నుంచి బస్సు 25 నిమిషాలు. ఈయామాలో కగయాకి రైలు ఆగదు, హకుతాకా ఎక్కాలి. రెండోది హకుబా లోయలోని త్సుగాయికె. నగానో స్టేషన్ తూర్పు ద్వారం దగ్గర బస్సు దొరుకుతుంది, హకుబాకు గంటంబావు, త్సుగాయికెకు ఇంకొంచెం. త్సుగాయికెలో కింది భాగమంతా చాలా వెడల్పుగా, మెల్లగా దిగే నేల. మొదటి మూడు రోజులకు అంతకన్నా మంచి చోటు ఆ చుట్టుపక్కల లేదు. అదే హకుబాలో హప్పో అనేది ఒలింపిక్స్ స్కీయింగ్ పోటీలు పెట్టిన నిటారు కొండ, పేరు విని అక్కడ గది తీసుకోవద్దు.

సప్పోరో మంచు పండగ ఫిబ్రవరి మొదటి వారాల్లో జరుగుతుంది, సంక్రాంతికి కుదరదు. దాని బదులు నొజావాలో ఏటా జనవరి 15న అగ్ని పండగ ఉంది. ఊరివాళ్లు పెద్ద చెక్క మండపం కట్టి, 25, 42 ఏళ్ల మగవాళ్లను దానికి కాపలా పెట్టి, మిగతావాళ్లు కాగడాలతో వచ్చి తగలబెడతారు. మన భోగి మంట మరునాడో ఆ మరునాడో అంత మంచులో అంత పెద్ద మంట చూడటం ఎంతో బావుంటుంది.

సింగరాయకొండ స్టేషన్

చోటు గురించి పైన చెప్పింది సరే. ఒక్కటి మాత్రం కలుపుతాను. జనవరి 14 నుంచి 16 దాకా నొజావాలో గదులు చాలా ముందే అయిపోతాయి. పండగ కోసం అక్కడే ఉండాలని పట్టుబడితే నేర్చుకునే రోజులు రద్దీలో పోతాయి. నాకు త్సుగాయికెనే నయమనిపిస్తుంది. జనవరి రెండో సోమవారం అక్కడ సెలవు, దానికి ముందు శని ఆదివారాలు కూడా కొండ మీదికి కుర్చీల్లో మోసుకుపోయే లిఫ్టుల దగ్గర క్యూలు ఎక్కువ. వీలుంటే ఆ సోమవారం సాయంత్రం కొండ చేరేట్టు చూసుకోండి.

ఇక బోర్డు. కొనొద్దు. విమానంలో ఆ పొడవు సంచి మోయడం, దానికి డబ్బు కట్టడం, తీరా బూటు కరిస్తే మార్చుకోలేకపోవడం. అద్దె ఫారంలో ఎత్తు, బరువు, పాదం కొలత, ఏ కాలు ముందు అని అడుగుతారు. పాదం కొలత అక్కడ సెంటీమీటర్లలోనే. గోడకు మడమ ఆనించి నిలబడి, పొడవాటి వేలు దాకా స్కేలుతో కొలుచుకోండి. మన 8వ నంబరు దగ్గర దగ్గర 27, 11వ నంబరు 30 దాకా వస్తుంది. 29 దాటినవాళ్లు ముందే మెయిల్ పెట్టి బూటు ఉందో లేదో అడగాలి, వెడల్పు బోర్డు కూడా చెప్పాలి. మామూలు బోర్డు మీద పెద్ద బూటు అయితే వేళ్లు బయటికొచ్చి, వంగినప్పుడు మంచుకు తగిలి పడేస్తాయి.

ఏ కాలు ముందు? నున్నటి గచ్చు మీద సాక్సుతో పరిగెత్తి జారండి. ఆలోచించకుండా ముందుకొచ్చే కాలు అదే. ఎడమైతే రెగ్యులర్, కుడైతే గూఫీ. బూటును బోర్డుకు బిగించే పట్టీలను బైండింగ్‌లంటారు, వాటి కోణాలు ముందు కాలికి +15, వెనక కాలికి −9 చుట్టూ పెట్టమనండి, కాళ్ల మధ్య దూరం భుజాలకన్నా కొంచెం ఎక్కువ. బోర్డు నిలబెడితే గడ్డానికీ ముక్కుకూ మధ్య రావాలి. అయితే ఎత్తుకన్నా బరువే ముఖ్యం. 92 కిలోల మనిషికీ 58 కిలోల మనిషికీ ఎత్తు ఒకటే అయినా ఒకే బోర్డు ఇస్తే ఒప్పుకోవద్దు.

బూటు దగ్గర అందరూ చేసే తప్పు, సుఖంగా ఉందని వదులుది తీసుకోవడం. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు భాగాన్ని తాకీతాకనట్టు ఉండాలి, మోకాళ్లు వంచితే కొంచెం వెనక్కి జరగాలి, మడమ మాత్రం లేవకూడదు. మడమ లేస్తే మీరు కాలు వంచింది బోర్డుకు అందదు, సగం పడటాలకు కారణం అదే. సాక్సు ఒక్క జత, సన్నటిది, మోకాలి దాకా. చలని రెండు జతలు వేస్తే రక్తం ఆడక వేళ్లు ఇంకా గడ్డకడతాయి.

నేర్చుకునే వరస చెబుతాను, ఇందులో ఏదీ దాటేయొద్దు. మొదట ముందు కాలు ఒక్కటే బిగించి, వెనక కాలితో తోసుకుంటూ చదునులో తిరగాలి. తర్వాత అట్టే చిన్న వాలు మీద తిన్నగా జారి ఆగడం. అది కుదిరాక రెండు కాళ్లూ బిగించి, కొండకు వీపు పెట్టి, మడమల వైపు అంచు మీద బోర్డు అడ్డంగా పెట్టి మెల్లగా కిందికి జారాలి. మడమ నొక్కితే ఆగుతుంది, కొంచెం వదిలితే జారుతుంది. అదే భంగిమలో చూపు ఎడమకు తిప్పితే ఎడమకు, కుడికి తిప్పితే కుడికి, రాలే ఆకులా అటూఇటూ ఊగుతూ దిగాలి. ఇదంతా మళ్లీ కొండకు ఎదురుగా తిరిగి, వేళ్ల అంచు మీద చేయాలి. చాలామంది ఈ రెండో భాగం భయంగా ఉందని ఎగ్గొట్టి మడమ అంచు మీదే రోజంతా గడిపేస్తారు. సాయంత్రానికి తొడలు వణికిపోతాయి, మలుపు మాత్రం రాదు. రెండు అంచులూ చేతిలోకి వచ్చాకే మలుపు.

పడటం గురించి. బోర్డు అడ్డంగా జారుతున్నప్పుడు కింది వైపు అంచు మంచులో దిగిందంటే ఉన్నపళంగా నేలకు కొట్టేస్తుంది. వేగం ఎక్కువై కాదు, బోర్డు బల్లపరుపుగా ఉండటం వల్ల. ఎప్పుడూ కొండ వైపు అంచు మీదే బరువుండాలి. వెనక్కి పడితే పిరుదు ఎముక, తల వెనక భాగం. ముందుకు పడితే మణికట్టు. కొత్తవాళ్లకు ఎక్కువగా విరిగేది మణికట్టే, అరచేయి చాచి ఆనించడం వల్ల. పిడికిలి బిగించి ముంజేతుల మీద పడండి. వెనక్కి పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించి, ముందే కూర్చున్నట్టు ఒళ్లు కిందికి దించేయండి. హెల్మెట్ తప్పనిసరి. మణికట్టు గార్డులు, మెత్తలున్న లోపలి నిక్కరు ఇక్కడి నుంచే కొనుక్కుపోండి, ఇవి చాలా అద్దె షాపుల్లో ఉండవు.

లిఫ్టు ఎక్కేటప్పుడు వెనక కాలు విప్పాలి. దిగేచోట బోర్డు ముక్కు తిన్నగా పెట్టి, లేచి నిలబడి, వెనక కాలు రెండు బైండింగ్‌ల మధ్య ఆనించి అట్టే జారిపోవాలి. దిగినచోటే నిలబడితే వెనకొచ్చేవాళ్లు మీద పడతారు. జారే దారులను కోర్సులంటారు, వాటి రంగులు అక్కడ పచ్చ తేలిక, ఎరుపు మధ్యరకం, నలుపు కష్టం. మొదటి రెండు రోజులు ఇంగ్లీషులో చెప్పే బడిలో పొద్దుటిపూట క్లాసు తీసుకోండి. నలుగురూ కలిసి ఒకే గురువును పెట్టుకుంటే తలా పంచుకోవచ్చు. మూడో రోజు పొద్దున ఒళ్లు కదలదు, ఆ రోజు సగం పూట ఆపేసినా నష్టం లేదు.

ఒంగోలు గిత్త

చలి సంగతి నేను చెబుతాను. మీరు ఎన్ని స్వెటర్లు అని అడిగారు. సమాధానం ఒక్కటీ వద్దు.

అక్కడ మనిషిని వణికించేది చలికన్నా తడి. కొత్తవాడు పడిలేస్తూ గంటలో ఒళ్లంతా చెమట పడతాడు. లోపల కాటన్ బనియన్ ఉంటే ఆ చెమట పట్టుకొని వదలదు. లిఫ్టు మీద పది నిమిషాలు గాలికి కూర్చుంటే ఆ తడి బనియనే ఒంటికి ఐసు ముక్కలా ఉంటుంది. కాబట్టి కాటన్ బనియన్, కాటన్ డ్రాయర్, జీన్స్ ఏదీ కొండ మీదికి తేవద్దు. ఒంటిని అంటుకొనేది పాలియెస్టర్‌దో మెరీనో ఉన్నిదో పలచటి పొర. దాని మీద ఫ్లీస్ అనే మెత్తటి పాలియెస్టర్ పొర ఒకటి. పైన గాలీ నీళ్లూ చొరని జాకెట్, ప్యాంటు, వాటర్‌ప్రూఫ్ రేటింగ్ 10,000 మిల్లీమీటర్లకు తగ్గకుండా. అంతే, మూడు పొరలు. జాకెట్, ప్యాంటు బోర్డుతో పాటే అద్దెకు దొరుకుతాయి. గ్లవ్స్, గాగుల్స్, టోపీ మాత్రం చాలా చోట్ల అద్దెకు ఇవ్వరు, కొనుక్కోవాల్సిందే. పొద్దున బయల్దేరేటప్పుడు కొంచెం చలిగా అనిపిస్తేనే సరిపోయినట్టు. వెచ్చగా ఉంటే పదిహేను నిమిషాల్లో చెమట. చంకల కింద జిప్పులుంటే పడిలేచే పని మొదలవగానే తెరవండి, లిఫ్టు ఎక్కేముందు మూయండి.

గ్లవ్స్ రెండు జతలు. మధ్యాహ్నానికి మొదటి జత తడుస్తుంది. వేళ్లన్నీ కలిసి ఉండే మిట్టెన్ రకం ఎక్కువ వెచ్చన. గాగుల్స్ మంచు కురిసే రోజుకు పసుపు లేదా గులాబీ రంగు అద్దం తీసుకోండి, నల్లటి అద్దంతో గుంత ఏదో దిబ్బ ఏదో తెలియదు. గాగుల్స్ నుదుటి మీదికి ఎత్తొద్దు, నుదుటి ఆవిరి లోపల పట్టి ఇక ఆ రోజంతా మసకే. లోపలి వైపు గ్లవ్‌తో తుడిస్తే పైపూత గీరుకుపోతుంది.

కైరో అని వేడి ప్యాకెట్లు ఏ చిన్న షాపులోనైనా ఉంటాయి. జిగురు రకాన్ని లోపలి బట్ట మీద అంటించాలి, చర్మానికి నేరుగా కాదు. పెట్టుకొని నిద్రపోతే తెలియకుండానే కాలుతుంది. బూట్లు సాయంత్రం లాడ్జిలో ఆరబెట్టే గదిలో పెట్టాలి, దాన్ని కన్సోషిట్సు అంటారు. బూటు లోపలి మెత్త బయటికి లాగి పెట్టండి. తడి బూటు పొద్దున వేసుకుంటే ఆ రోజు పోయినట్టే. మంచు మీద ఎండ కాస్తే సన్‌స్క్రీన్ పూసుకోండి, మంచు మీద నుంచి తిరిగొచ్చే ఎండ గడ్డం కిందా కాలుస్తుంది.

ఊళ్లో నడవడానికి గాడులు లోతుగా ఉన్న బూట్లు కావాలి, పైకి తొడుక్కునే ముళ్ల రబ్బరు కూడా దొరుకుతుంది. చిన్న అడుగులు, పాదం మొత్తం ఒకేసారి ఆనించాలి, చేతులు జేబుల్లో పెట్టుకోవద్దు. జిగొకుదాని అనే చోట వేడినీళ్లలో కూర్చునే కోతులను చూడబోతే బస్సు దిగాక అడవి దారిలో 1.6 కిలోమీటర్లు నడవాలి, అది గట్టి ఐసు పట్టి ఉంటుంది. ముళ్ల రబ్బరు అక్కడే పనికొచ్చేది.

కావలి సెంటర్

కాగితాలు, తిండి గురించి నాలుగు మాటలు.

వీసాకు ఆంధ్రప్రదేశ్ వాళ్లకు చెన్నైలోని జపాన్ కాన్సులేట్. పర్యాటకులకు ఇప్పుడు ఈ-వీసా ఇస్తున్నారు. అక్కడ దిగాక ఫోన్‌లో ఇంటర్నెట్ తెరిచి ఆ పేజీని నేరుగా చూపాలి. స్క్రీన్‌షాట్, ప్రింటు ఒప్పుకోరు. కాబట్టి ఈ-సిమ్ దిగే ముందే సిద్ధంగా ఉండాలి. సంక్రాంతి వారంలో చెన్నై నుంచి నెల్లూరు వైపు రైళ్లు కిటకిటలాడతాయి, రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరవగానే చేయండి.

జేఆర్ పాస్ వద్దు. 2023 అక్టోబరులోనే 7 రోజులది 50,000 యెన్ చేశారు. టోక్యో నుంచి నగానోకు ఒకవైపు 8,000 యెన్ పైచిలుకే. రెండు వైపులా కలిపినా పాస్‌లో సగం కాదు. పెద్ద సూట్‌కేసులు కొండకు మోయొద్దు. తక్యుబిన్ అనే సామాను చేరవేత ఉంది, నల్ల పిల్లి బొమ్మ గుర్తు. చలికాలంలో ఒక రోజు ఆలస్యం కావచ్చు గనుక కొండకు రెండు రోజుల ముందే పంపి, రెండు రోజుల బట్టలు వీపు సంచిలో ఉంచుకోండి.

ఇంటి నుంచి కోడి పచ్చడి, మటన్ పచ్చడి తీసుకుపోవద్దు. వండినా, ఎండబెట్టినా మాంసం ఏదీ అక్కడ కస్టమ్స్ దాటనివ్వరు. పచ్చి కరివేపాకు, పండ్లు కూడా వద్దు. గోంగూర, ఆవకాయ, కందిపొడి ఇబ్బంది లేదు, సీసా కాకుండా గట్టి ప్లాస్టిక్ కవర్లో రెండు పొరలు చుట్టి చెకిన్ సామానులో పెట్టండి. నువ్వుండలు నాలుగు జాకెట్ జేబులో పడేసుకోండి, లిఫ్టు మీద ఆకలికి అంతకన్నా మంచిది లేదు. మందుల్లో సూడోఎఫెడ్రిన్ 10 శాతం మించిన జలుబు మాత్రలు అక్కడ నిషేధం. కోడీన్ ఉన్న దగ్గు మందూ ఇంట్లోనే వదిలేయండి.

రైస్ కుక్కర్ మోసుకుపోవద్దు. అక్కడ కరెంటు 100 వోల్టులు. మన 230 వోల్టుల కుక్కర్ 700 వాట్లది అయితే అక్కడ 130 వాట్లే లాగుతుంది, బియ్యం నానుతాయి గాని ఉడకవు. ఫోన్ చార్జర్లు పనిచేస్తాయి, రెండు బల్లపరుపు పుల్లలున్న ప్లగ్ అడాప్టర్ చాలు.

కొండ మీది క్యాంటీన్లలో కర్రీ రైస్ అని రాసుంటుంది. పేరు చూసి మన కూర అనుకోవద్దు, ఆ ముద్దలోనే గొడ్డు కొవ్వో పంది కొవ్వో ఉండటం మామూలు. కత్సు కర్రీ అంటే సాధారణంగా పంది ముక్క. గ్యూనికు అంటే గొడ్డు మాంసం, బుతానికు పంది, తోరినికు కోడి. ఈ మూడు మాటలు ఫోన్‌లో జపాన్ లిపిలో పెట్టుకొని చూపండి. చేపలు తినేవాళ్లకు కష్టమే లేదు. షాపుల్లో దొరికే ఒనిగిరి అన్నం ముద్దల్లో షాకె అంటే సాల్మన్, ఉమె అంటే ఉప్పులో ఊరిన పుల్లటి పండు, మన ఊరగాయ నోటికి అది బాగా ఎక్కుతుంది. పూర్తి శాకాహారులకు మాత్రం జాగ్రత్త, ఉడాన్ అనే నూడుల్స్ పులుసు కూడా చాలా వరకు ఎండు చేప రసంతోనే చేస్తారు.

వేడినీళ్ల స్నానానికి పోతే ముందు కూర్చొని సబ్బుతో ఒళ్లు శుభ్రంగా కడుక్కొని, అప్పుడు బట్టలేమీ లేకుండా తొట్లో దిగాలి. నొజావాలో ఊరివాళ్లు నడిపే 13 ఉచిత స్నానశాలలున్నాయి. నీళ్లు బాగా వేడి, ముందు కాళ్ల మీద పోసుకొని అలవాటు చేసుకోండి. అదే ఊళ్లో ఒగామా అనే వేడినీళ్ల ఊటలో నీళ్లు 90 డిగ్రీల దగ్గరుంటాయి, ఊరివాళ్లు ఆకుకూరలు ఉడకబెట్టుకుంటారు, మనం దగ్గరికి పోకూడదు.

పెన్నతీరం (నెల్లూరు)

అందరికీ చాలా థ్యాంక్స్. త్సుగాయికె ఖాయం చేసుకున్నాం. ఇంకో రెండు. చివరి రోజుకు కొంచెం వస్తే తాడు కట్టిన హద్దు అవతల చెట్ల మధ్య తాజా మంచులోకి పోవచ్చా? మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ సరిపోతుందా?

సింగరాయకొండ స్టేషన్

హద్దు దాటొద్దు తమ్ముడూ. తాడు కట్టింది ఊరికే కాదు. అవతల మంచు చరియలు జారతాయి. చెట్టు మొదలు చుట్టూ కొమ్మల కింద మంచు గట్టిపడక గుల్లగా ఉంటుంది, అందులో తలకిందులుగా పడితే చేతులకు ఆధారం దొరకదు, ఎంత కదిలితే అంత మంచు మీద పడి ఊపిరాడదు. పక్కనున్నవాడు రెండు నిమిషాల్లో తవ్వాలి, ఆ పని వచ్చినవాళ్లు మీలో లేరు. పైగా హద్దు బయట వెతికితే ఆ ఖర్చు మీరే కట్టాలి. తాజా మంచు కావాలంటే రాత్రి కురిసిన మరునాడు లిఫ్టు తెరిచే వేళకు పచ్చ కోర్సు అంచున పొండి, మోకాలి లోతు అక్కడే దొరుకుతుంది. అందులో బరువు కొంచెం వెనక కాలి మీదికి వేయాలి, చదునులో ఆగకూడదు. ఆగితే బోర్డు విప్పి తొడల దాకా దిగబడుతూ నడవాలి.

మామూలు పాలసీ సరిపోదు. చాలా పాలసీల్లో శీతాకాల క్రీడలు మినహాయింపుల జాబితాలో ఉంటాయి. స్నోబోర్డింగ్ అనే మాట రాసి ఉందా, కొండ మీద నుంచి ఆసుపత్రికి చేర్చే ఖర్చు ఉందా అని పాలసీ కాగితంలో వెతికి, లేకపోతే అదనంగా కట్టి చేర్పించుకోండి. తిరుగు విమానానికి ముందు రాత్రి మాత్రం కొండ మీద ఉండొద్దు, టోక్యోలో పడుకోండి. గట్టిగా మంచు పడితే హకుబా, నగానో మధ్య బస్సు ఎన్ని గంటలు పడుతుందో ఎవరూ చెప్పలేరు.